జీతం అడిగినవాడు క్లబ్బును ముంచాడా?

బకాయి అడిగినవాడే సంస్థను ముంచాడన్న అపవాదు మన కార్మికోద్యమానికి కొత్తది కాదు. 1974 మే నెలలో రైల్వే కార్మికులు దేశవ్యాప్తంగా సమ్మెకు దిగినప్పుడు వారి కోర్కెలలో బోనసు ఒకటి. అంతటి భారం మోయజాలమని నాటి ప్రభుత్వం వాదించింది. 1979లో ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనసు రానే వచ్చింది. రైళ్లు ఆగలేదు, తపాలా సంచులూ ఆగలేదు. అయినా ఆ వాదం చావలేదు. దేశం మార్చుకుంటుంది, భాష మార్చుకుంటుంది, మళ్లీ ఎదురుపడుతుంది. ఈమారు అది ఉక్రెయిన్ దేశపు ద్నీప్రో నగరం నుండి, ఒక ఫుట్‌బాల్ క్లబ్బు శవాన్ని భుజాన వేసుకొని మన ముందుకు వచ్చింది.

ద్నీప్రో అన్నది ఆ నగరం పేరు, దానిని ఒరుసుకొని పారే నది పేరు, ఆ క్లబ్బు పేరు కూడా. 2015 మే 27వ తేదీన పోలెండు రాజధాని వార్సాలో ఈ క్లబ్బు యూరోపా లీగ్ ఫైనల్ ఆడింది. ఐరోపా క్లబ్బుల పోటీలలో అది రెండవ పెద్ద పోటీ. స్పెయిన్ దేశపు సెవిల్లా జట్టు చేతిలో 3–2 తేడాతో ఓడింది. అంతటి స్థాయికి చేరిన క్లబ్బు నాలుగేళ్లు గడిచేసరికి ఉనికిలో లేకుండా పోయింది. కారణమేమని అడిగితే, మాజీ శిక్షక బృందం జీతం బకాయిల కోసం అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన ఫీఫా తలుపు తట్టిందనీ, ఫీఫా ఆ క్లబ్బు పాయింట్లు కోసిందనీ, దానితో క్లబ్బు దిగువ శ్రేణులకు జారి అంతరించిందనీ చెప్పేవారు నేటికీ ఉన్నారు. వారు చెప్పే సంఘటనలు నిజమే. వాటి నుండి వారు తీసే తీర్పు మాత్రం పచ్చి అబద్ధం. ఆ అబద్ధాన్ని ఖండించడానికే ఈ వ్యాసం.

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికకు ఎక్కడో ఉన్న ఫుట్‌బాల్ క్లబ్బుతో పనేమిటని కొందరు మిత్రులు అడుగవచ్చు. ఆ క్లబ్బు పుట్టిన చోటు చూస్తే ఆ ప్రశ్న ఉండదు. నగరాన్ని అప్పట్లో యెకాతెరినోస్లావ్ అనేవారు. 1884లో అక్కడ ద్నీప్రో నది మీద రైలు వంతెన లేచింది. క్రివీ రీహ్ ఇనుప ఖనిజాన్నీ దోన్బాస్ బొగ్గునూ ఆ రైలుమార్గం కలిపింది. ఖనిజమూ బొగ్గూ కలిసిన చోట ఉక్కు పుట్టక మానదు. 1887లో బ్ర్యాన్‌స్క్ కంపెనీ అక్కడ కొలిమి రగిలించి రైలు పట్టాలు తీయడం మొదలుపెట్టింది. 1905 డిసెంబరులో జారు చక్రవర్తికి వ్యతిరేకంగా సార్వత్రిక సమ్మె జరిగినప్పుడు ఈ కర్మాగారపు కార్మికులూ రైల్వే కార్మికులూ కలిసి చెచెలీవ్కా పేటను కొద్ది రోజులపాటు తమ అదుపులో ఉంచుకున్నారు. ఆ పట్టాల కర్మాగారపు కార్మికుల జట్టుగా 1918లో మొదలైనదే ఈ క్లబ్బు. మన ట్రాక్‌మెన్ నిత్యం చూసుకునే పట్టా వంటి పట్టాయే దీనికి తల్లి అని చెబితే అతిశయోక్తి కాదు.

విప్లవానంతరం ఆ కర్మాగారానికి పెత్రోవ్‌స్కీ పేరు పెట్టారు. ఒకనాడు అందులో లేతు మీద పనిచేసిన హ్రిహోరీ పెత్రోవ్‌స్కీ సోవియట్ ఉక్రెయిన్ నాయకుడయ్యాడు. 1926లో నగరమే ద్నీప్రోపెత్రోవ్‌స్క్ అయింది. క్లబ్బు 1936లో ‘స్తాల్’ అన్న పేరుతో దేశవ్యాప్త పోటీలలోకి వచ్చింది. స్తాల్ అంటే ఉక్కు. తర్వాత ‘మెతల్లుర్గ్’ అయింది, అంటే లోహకార్మికుడు. 1960 దశకం ఆరంభంలో క్లబ్బు పోషణ ఉక్కు కర్మాగారం చేతి నుండి యూజ్మాష్ అనే మరొక మహా కర్మాగారానికి మారింది. అప్పుడే ద్నీప్రో అన్న పేరు స్థిరపడింది. పేరు ఎన్నిమార్లు మారినా ఆ పేరు వెనుక ఒక కర్మాగారపు గేటు ఉన్నది, షిఫ్టు ముగిసి ఆ గేటు దాటి మైదానానికి నడిచే జనం ఉన్నారు.

యూజ్మాష్ సామాన్యమైన ఫ్యాక్టరీ కాదు. బయటికి ట్రాక్టర్లు, లోపల ఖండాంతర క్షిపణులు. ఆ రహస్యం కోసం నగరాన్నే విదేశీయులకు మూసివేశారు. ఫలితంగా చిత్రమైన పరిస్థితి ఏర్పడింది. ఐరోపా కప్పు పోటీలకు అర్హత సంపాదించిన జట్టు తన సొంత మైదానంలో వాటిని ఆడలేకపోయింది. యూజ్మాష్ 1966లో కట్టించిన మెతెయోర్ స్టేడియం ఊళ్లోనే ఉండగా, విదేశీ జట్లు వచ్చినప్పుడు ఆటగాళ్లు క్రివీ రీహ్ పోయి ఆడవలసివచ్చేది. 1984–85లో ఐరోపా కప్పు క్వార్టర్ ఫైనలులో ఫ్రాన్సు దేశపు బోర్డో జట్టుతో రెండు ఆటలూ సమమై, పెనాల్టీలలో ఓడినప్పుడు కూడా ‘ఇంటి ఆట’ ఇంట జరగలేదు.

ఇక ఆటలో వారి ఘనత. వలేరీ లొబనోవ్‌స్కీ తన శిక్షక జీవితాన్ని ఆరంభించింది ఈ క్లబ్బులోనే. 1971లో ఆయన జట్టును సోవియట్ అగ్రశ్రేణికి చేర్చాడు. 1983లో వొలోదిమిర్ యెమెత్స్, హెన్నాదీ జీజ్దిక్‌ల ఆధ్వర్యంలో, మాస్కో స్పార్తక్‌ను 4–2తో ఓడించి సోవియట్ ఛాంపియన్ అయింది. రాజధాని కాని ఊరు, ఒక కర్మాగారం జట్టు! లితోవ్‌చెంకో, ప్రోతాసోవ్ అనే స్థానిక యువకులు దేశమంతటా పేరు పొందారు. ప్రోతాసోవ్ 1985లో ఒక్క సీజనులోనే 35 గోల్స్ కొట్టాడు. 1987 ముగిసేసరికి ఈ ఇద్దరినీ కీవ్ దినామో తీసుకుపోయింది. పెద్ద ఊళ్లు చిన్న ఊళ్లకు చేసే పని అదే కదా! అయినా ఆ మరుసటి ఏడు, 1988లో, వారిద్దరూ లేకుండానే కుచెరెవ్‌స్కీ శిక్షణలో ద్నీప్రో మళ్లీ ఛాంపియన్ అయింది. 1989లో సోవియట్ కప్పు గెలిచింది. అది జట్టు బలం. ఒక్క ధనికుని చలువ కాదు.

ఆ కాలమంతా స్వర్ణయుగమని మేము చెప్పబోవడం లేదు. ఆటగాడు పేరుకు ఫిట్టరు, పనికి ఫార్వర్డు. వృత్తి క్రీడాకారుడన్న మాట చట్టంలో ఉండేది కాదు కనుక కర్మాగారాల పద్దులలో వారి పేర్లు చేర్చి జీతమిచ్చేవారు. క్లబ్బును నిజంగా నడిపినది కర్మాగారపు డైరెక్టరూ పార్టీ ప్రాంతీయ కార్యదర్శీ గాని సామాన్య కార్మికుడు కాదు. కార్మికుని పేరు జట్టు చొక్కా మీద ఉన్నదే తప్ప కమిటీ గదిలో లేదు. ఈ లోపాన్ని దాచవలసిన అవసరం మాకు లేదు. తర్వాత జరిగిన దోపిడీకి తలుపు తెరిచి ఉంచినది అదే. అయితే ఆ ఏర్పాటులో ఒక మంచి ఉన్నదని మన రైల్వే పాఠకులు ఇట్టే గుర్తిస్తారు. మోకాలు విరిగిన ఆటగానికి మరుసటి నెల జీతం ఆగదు. పి.కె. బెనర్జీ వంటివాడు రైల్వే ఉద్యోగిగా ఉంటూనే 1958లో ఈస్టర్న్ రైల్వే జట్టుకు కలకత్తా లీగ్ సాధించిపెట్టాడు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో దేశపు జట్టుకు నాయకుడయ్యాడు. ఆట ముగిసినా ఉద్యోగం ముగియని ఏర్పాటు అది. దానిని వెనుకబాటుతనమని ఎగతాళి చేసినవారే ఆధునికతగా తెచ్చినది ఏమిటో ఇక చూద్దాం.

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైంది. క్షిపణుల ఆర్డర్లు పోయాయి, యూజ్మాష్ చేతిలో డబ్బు లేదు. కర్మాగారాలనూ బ్యాంకులనూ గనులనూ కొద్దిమంది చేజిక్కించుకున్న ఆ సంవత్సరాలలో ద్నీప్రో క్లబ్బు ప్రివాత్ వ్యాపార కూటమి నీడలోకి పోయింది. ఆ కూటమిలో ముఖ్యుడు ఇహోర్ కొలొమోయ్‌స్కీ. ఆయన డబ్బు పెట్టలేదని మేము అనము. పెట్టాడు. 2008లో 31 వేల మంది కూర్చునే ద్నీప్రో అరేనా స్టేడియం లేచింది. విదేశీ ఆటగాళ్లు వచ్చారు. 2010లో హువాండె రామోస్ అనే స్పెయిన్ దేశపు శిక్షకుడు వచ్చాడు. ఆయన 2006, 2007 సంవత్సరాలలో సెవిల్లాకు రెండుమార్లు యుయెఫా కప్పు గెలిపించినవాడు. ఆయన హయాములో, 2013–14లో, ద్నీప్రో ఉక్రెయిన్ లీగ్‌లో రెండవ స్థానం పొందింది. ఆ సీజను ముగియగానే ఆయన వెళ్లిపోయాడు. ఆయన బృందానికి రావలసిన డబ్బు మాత్రం వెంట పోలేదు. ఈ తేదీని పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందుముందు పనికివస్తుంది.

ఇక 2014–15 సీజను. తూర్పున యుద్ధం సాగుతున్నది. భద్రత కారణంగా ద్నీప్రో ఐరోపా ఆటలను తన ఊళ్లో ఆడే వీలు మళ్లీ పోయింది. ఈసారి కీవ్‌లో ఆడింది. కొత్త శిక్షకుడు మీరోన్ మార్కెవిచ్. గ్రీసు ఒలింపియాకోస్, హాలెండు అయాక్స్, బెల్జియం క్లబ్ బ్రూజ్ ఒకరి వెంట ఒకరు వెనుదిరిగారు. సెమీఫైనలులో ఇటలీ నాపోలీని నేపుల్స్‌లో 1–1తో నిలువరించి, కీవ్‌లో 1–0తో ఓడించారు. వార్సా ఫైనలులో ఏడవ నిమిషంలోనే కాలినిచ్ గోల్ కొట్టాడు. సెవిల్లా రెండు గోల్స్‌తో ముందుకు పోతే కెప్టెన్ రొతాన్ ఫ్రీకిక్‌తో లెక్క సరిచేశాడు. చివరకు బాక్కా రెండవ గోల్ సెవిల్లాను గెలిపించింది. యుద్ధంలో నలుగుతున్న దేశానికి ఆ రాత్రి ఎంత ఊరటో మనం ఊహించగలం.

అదే సంవత్సరం అదే ఊళ్లో మరొకటి జరిగింది. దానిని ఆటల పేజీలు పట్టించుకోలేదు. రష్యాతో వ్యాపారం తెగిపోయి ఆర్డర్లు పోగొట్టుకున్న యూజ్మాష్ 2015 జనవరిలో ఉత్పత్తి ఆపి కార్మికులను జీతం లేని సెలవు మీద ఇంటికి పంపింది. అప్పటికే వారికి జీతాల బకాయిలు పేరుకొని ఉన్నాయి. ఇక్కడ యజమాని ప్రభుత్వమే. క్లబ్బును పోషించి ఛాంపియనుగా నిలిపిన కర్మాగారంలో జీతం లేదు. ఆ క్లబ్బును చేపట్టిన ధనికుని పద్దులోనూ బాకీలే. ఈ ఇద్దరు యజమానులకూ నడుమ, గోల్ పడినప్పుడు కేరింతలు కొట్టిన మనిషి జేబు ఖాళీ. పోటీలో రెండవ స్థానం పొందిన ఆ జట్టు పతకాలు చూపి దేశమంతా పొంగిపోతున్నప్పుడు పద్దుల సంగతి ఎత్తేవాడు దేశద్రోహిగా కనబడడంలో వింత లేదు. మనకూ ఆ అనుభవం ఉన్నది.

తర్వాతి కథ త్వరగా చెప్పవచ్చు, ఎందుకంటే పతనం త్వరగానే జరిగింది. 2015 వేసవిలో కొనొప్ల్యాంకా ఒప్పందం ముగిసి, ద్నీప్రోకు దమ్మిడీ రాకుండా, తమను ఓడించిన సెవిల్లాకే వెళ్లిపోయాడు. కాలినిచ్ ఇటలీ పోయాడు. 2016 మార్చిలో ఐరోపా ఫుట్‌బాల్ సంఘం యుయెఫా, బాకీలు తీర్చనందుకు, ఈ క్లబ్బును రాబోయే ఐరోపా పోటీ నుండి బహిష్కరించింది. ఆ సీజనులో ద్నీప్రో లీగ్‌లో మూడవ స్థానం సంపాదించినా ఫలం దక్కలేదు. 2016–17లో కుర్రవాళ్లతో ఆడుతూ ఉండగా, రామోస్ కాలపు శిక్షక బృందం బాకీల మీద ఫీఫా దఫదఫాలుగా పాయింట్లు కోసింది. 2017లో అగ్రశ్రేణి నుండి పడిపోవడమే గాక, రెండవ శ్రేణిని కూడా దాటించి మూడవ శ్రేణికి నెట్టారు. 2018లో అక్కడినుండి కూడా తీసి ఔత్సాహికుల పోటీలలోకి పంపారు. 2019 నాటికి క్లబ్బు లేదు. నగరం తన పేరులోని పెత్రోవ్‌స్కీని విడిచి, 2016 మేలో ద్నీప్రో అయింది. ఊరికి క్లబ్బు పేరు వచ్చిన ఏడే క్లబ్బుకు ఊపిరి ఆగడం మొదలైంది.

ఇప్పుడు వాదానికి వద్దాం. యజమాని తరఫున వకాల్తా పుచ్చుకున్నవారు మొదట యుద్ధాన్ని సాక్ష్యానికి పిలుస్తారు. యుద్ధం వచ్చింది, డబ్బు పోయింది, ఎవరేం చేస్తారంటారు. యుద్ధపు కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడే హృదయం మాకు లేదు. 2022 ఫిబ్రవరిలో రష్యా పూర్తి స్థాయి దండయాత్ర మొదలైన నాటి నుండి ఆ ఊరు ఎన్ని దెబ్బలు తిన్నదో లోకానికి తెలుసు. 2024 నవంబరు 21న రష్యా క్షిపణి ఒకటి ఆ యూజ్మాష్ మీదనే పడింది. కాని రామోస్ బృందం పనిచేసినది 2010 నుండి 2014 వేసవి వరకు. నాలుగు సీజన్ల పనిలో అత్యధిక భాగం శాంతికాలపు పని. శాంతికాలపు జీతాన్ని యుద్ధకాలపు ఖాతాలో వేయడం ఏ గుమాస్తా చేసినా మనం సంతకం పెట్టము.

పైగా, యుద్ధంలో నిజంగా ఇల్లు పోగొట్టుకున్న క్లబ్బులు ఉన్నాయి. లుహాన్‌స్క్ నగరపు జోర్యాను చూడండి. అదీ కార్మికుల క్లబ్బే. అక్కడి కర్మాగారం డీజిల్ రైలింజన్లకు ప్రసిద్ధి. దాని జట్టు 1972లో సోవియట్ ఛాంపియన్ అయింది. 2014లో ఊరు, మైదానం రెండూ పోయి జోర్యా జపరోజ్యాలో తలదాచుకున్నది. అయినా 2016–17లో మాంచెస్టర్ యునైటెడ్, ఫెనర్‌బాచె, ఫెయెనూర్డ్‌లతో ఒకే గ్రూపులో యూరోపా లీగ్ ఆడింది. ఊరు పోయిన జోర్యా నిలిచింది. ఊరు, స్టేడియం, కోటీశ్వరుడైన యజమాని ముగ్గురూ ఉన్న ద్నీప్రో కూలింది. కారణం యుద్ధభూమిలో వెదికేవారు పద్దుల గదిలో ఎందుకు వెదకరు?

రెండవ వాదం ఇంకా తెలివైనది, ఇంకా ప్రమాదకరమైనది. రామోస్ వంటి అంతర్జాతీయ శిక్షకుడు మన వంటి కార్మికుడా, అతని కోట్ల కోసం కార్మిక సంఘాలు కన్నీరు కార్చడమేమిటి అంటారు. మేము కన్నీరు కార్చడం లేదు. లెక్క అడుగుతున్నాము. ఒప్పందం మీద సంతకం చేసి, పని చేయించుకొని, డబ్బు ఎగవేయడం ఎగవేతే. అది పెద్ద జీతగాని మీద మొదలై చిన్న జీతగాని మీద ఆగదు. ఇందులో పాఠకులు గమనించవలసిన సూక్ష్మం ఒకటున్నది. ఫీఫా నిబంధనల ప్రకారం దాని న్యాయస్థానం ఎక్కగలిగేది అంతర్జాతీయ స్వభావమున్న తగాదా ఉన్న ఆటగాడు, శిక్షకుడు మాత్రమే. అంటే స్పెయిన్ నుండి వచ్చినవాడికి తలుపు ఉన్నది. గడ్డి కోసేవాడికి, టిక్కెట్లు చించేవాడికి, చొక్కాలు ఉతికే ఆమెకు ఆ తలుపు లేదు. క్లబ్బు మూతపడితే వారి బాకీకి పాయింట్లు కోసే సమాఖ్య ఏదీ లేదు. కనుక రామోస్ బృందపు దావా క్లబ్బును చంపిన విషం కాదు. లోపలి రోగాన్ని బయటికి తెలిపిన జ్వరం. జ్వరాన్ని తిట్టి రోగాన్ని కాపాడేవారి వైద్యం మనకు అక్కరలేదు.

అయితే ఫీఫా చేసినది సరైనదేనా? ఇక్కడ మేము ఫీఫాను సమర్థించబోము. బాకీ పడినవాడు ఎవరు, శిక్ష పడినది ఎవరికి? పాయింట్లు పోయినది 2016–17లో ఆడిన ఇరవై ఏళ్ల కుర్రవాళ్లకు. వారు రామోస్‌కు పైసా బాకీ లేరు. జట్టు పోయినది టిక్కెట్టు కొని వచ్చిన ఊరి జనానికి. యజమాని ఆస్తి మీద ఈగ వాలలేదు. ఆయన ప్రివాత్ బ్యాంకును 2016 డిసెంబరులో ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది, 2023 సెప్టెంబరులో మోసం ఆరోపణలపై ఆయనను నిర్బంధించారు; కాని ఆ రెండూ వేరే లెక్కలు. ఫుట్‌బాల్ చట్టం ఆయనను వేలెత్తి చూపలేదు. ఎందుకంటే ఆ చట్టం దృష్టిలో బాకీదారు క్లబ్బు అనే కాగితపు సంస్థ. కాగితం చినిగితే బాకీ చినిగిపోయింది.

ఈ కిటుకు మనకు బాగా పరిచితం. స్టేషను ప్లాట్‌ఫారం ఊడ్చే కార్మికురాలు కాంట్రాక్టరు జీతం ఎగవేశాడని మొరపెట్టుకుంటే, ఆ కాంట్రాక్టరు గడువు ముగిసిందని, కంపెనీ మూతపడిందని చెప్పి పంపే అధికారులను మన శాఖా కార్యదర్శులు ఎందరినో చూశారు. ఆ కిటుకును విరవడానికే 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షనులో ఒక సూత్రం పెట్టించుకున్నాం: కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే అసలు యజమాని ఇవ్వాలి, ఇచ్చి తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి. అమలు ఎంత బలహీనమైనా సూత్రం సరియైనది. పని ఫలం ఎవరు అనుభవించారో బాకీ వారిదే. ఫుట్‌బాల్ లోకంలో ఈ సూత్రం లేదు. ఫైనల్ రాత్రి కెమెరాల ముందు నిలబడడానికి అసలు యజమాని ఉంటాడు. జీతం అడిగిన ఉదయం ఉండేది క్లబ్బు మాత్రమే.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. పాత క్లబ్బు మూడవ శ్రేణికి పడిన 2017లోనే అదే ఊళ్లో ద్నీప్రో–1 అనే కొత్త క్లబ్బు వెలిసింది. మొదటి శిక్షకుడు పాత క్లబ్బులో ఆఖరి అగ్రశ్రేణి సీజను నడిపిన ద్మిత్రో మిఖైలెంకో. మైదానం అదే ద్నీప్రో అరేనా. పేరులో పాత పేరు, పక్కన ఒక అంకె.  రెండేళ్లలో అది అగ్రశ్రేణికి ఎక్కింది, 2022–23లో దేశంలో రెండవ స్థానం పొందింది. బాకీలు చెల్లించడం కంటె కొత్త బోర్డు వ్రాయించడం చవక అన్న పాఠం ఊరికి నేర్పింది. ఆ పాఠం దానికీ దక్కింది: 2024 వేసవిలో ద్నీప్రో–1 తన ఐరోపా పోటీని వదులుకొని, సొంత లీగ్ నుండి కూడా తప్పుకున్నది. ఏడేళ్లలో ఒక ఊరు రెండు క్లబ్బులను పాతిపెట్టింది.  మరి రెండవదానినెవరు ముంచారు?

ఇదంతా ఎక్కడో జరిగినదని తెలుగు పాఠకులు నిశ్చింతగా ఉండే వీలు లేదు. హైదరాబాద్ పేరు మోసిన ఫుట్‌బాల్ జట్టు ఒకప్పుడు సిటీ పోలీసు జట్టు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుమార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆటగాళ్లకు ఉద్యోగం ఉండేది. 2019లో వెలిసిన హైదరాబాద్ ఎఫ్.సి. ప్రైవేటు పెట్టుబడి జట్టు. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఏడాదిన్నర తిరగకముందే జీతాల బకాయిలు బయటపడ్డాయి, కొత్త ఆటగాళ్లను తీసుకోరాదని ఫీఫా ఆంక్షలు విధించింది, విదేశీ ఆటగాళ్లు ఇల్లు పట్టారు. యాజమాన్యం చేతులు మారి, 2025లో జట్టునే ఢిల్లీకి తరలించారు. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు చొక్కాలు వేసుకొని అరిచిన కుర్రవాళ్లను ఎవరూ అడగలేదు. అక్కడా ఆటగాళ్ల మీద నింద మోపిన గొంతులు వినబడ్డాయి. ఛాంపియన్ అయిన జట్టుకు జీతం ఇవ్వనివాడు ఓడిన జట్టుకు ఇస్తాడా?

పాత సోవియట్ ఏర్పాటును యథాతథంగా తెచ్చుకుందామని మా కోర్కె కాదు. దాని లోపం పైనే చెప్పాము: కార్మికుని పేరు మీద నడిచినది కార్మికుని చేతిలో లేదు. చేతిలో ఉండి ఉంటే, పంపకాల వేళ ఒక వ్యాపార కూటమి దానిని జేబులో వేసుకోవడం అంత సులభమయ్యేది కాదు. నేడు రైల్వే క్రీడా సంఘాల కమిటీలలో, తపాలా క్రీడా బోర్డులలో ఆటగాళ్ల ప్రతినిధి, గుర్తింపు పొందిన యూనియను ప్రతినిధి ఉండాలని మన శాఖలు పట్టుబట్టవలసినది ఇందుకే. క్రీడా కోటా నియామకాలు కుంచించుకుపోతూ, వాటి స్థానంలో ఒప్పంద ఆటగాళ్లు వస్తున్న చోట్ల ఆ ఒప్పందాల కింద అసలు యజమాని సంతకం ఉన్నదా లేదా అని మొదట చూడవలసినదీ ఇందుకే.

ఫీఫాకు కూడా కొంత బుద్ధి వచ్చింది. 2019లో, అంటే ద్నీప్రో అంతరించిన ఏడే, అది తన శిక్షాస్మృతిలో ‘క్రీడా వారసుడు’ అన్న నిబంధన చేర్చింది. పాత క్లబ్బు పేరు, రంగులు, చిరునామా, ఆటగాళ్లు, యాజమాన్యం వంటివి పోల్చి చూసి, కొత్త బోర్డు కట్టిన క్లబ్బును పాత బాకీకి బాధ్యుని చేయవచ్చునని దాని సారం. మంచిదే. కాని ఆ నిబంధన కూడా ఒక కాగితపు సంస్థ నుండి మరొక కాగితపు సంస్థ వరకే నడుస్తుంది. ఆ రెండింటి వెనుక కూర్చున్నవాని జేబు దాకా దాని చేయి చాలదు. ఆటగాళ్ల అంతర్జాతీయ సంఘం ఫిఫ్‌ప్రో ఈ చివరి అడుగు కోసం పోరాడాలి. గడ్డి కోసేవానినీ చొక్కాలు ఉతికే ఆమెనూ ఆ జాబితాలో చేర్చి మరీ పోరాడాలి. ఆ పోరాటంలో మన సమాఖ్య మద్దతు వారికి వ్రాతపూర్వకంగా తెలుపవలసినదిగా కేంద్ర కార్యవర్గానికి ప్రతిపాదిస్తున్నాము.